కోతపండుగకి కోడిపుంజు

కొత్తగా బాప్తిస్మం పుచ్చుకున్న పాలేరు, చర్చిలో కోతపండుగ కానుకకని గుడ్లు మానేసిన ముసలి పెట్టను బుట్టలో పెట్టాడు. పెళ్ళాం దాన్ని తీసేసి, అతని పందెం పుంజును పెట్టింది.

“దాని జోలికెళ్ళకే! మాంసం ముక్కలు పెట్టి పెంచాను.”

“పిల్లలకి గంజి పోసి.”

“దేవుడికి కోడైతే చాలే. ఆయన తోకెత్తి చూస్తాడా ఏంటి?”

“ప్రాణంతో సమానమైంది ఇమ్మన్నారు చర్చి పంతులుగారు.”

“ఆదివారాలు నేను పందేల దగ్గరుంటున్నానని ఆయన చెవినేసింది నువ్వేగా?”

“నేనే మావా.”

“అయితే నీ ప్రాణంతో సమానమైంది నువ్వియ్యి!”

“అది నువ్వేగా. నిన్నే ఇచ్చేద్దామనుకున్నా. పంతులుగారు మేపలేరని ఆగాను.”

“నోర్ముయ్యి,” అంటూ పుంజును ఓసారి నిమిరి, బుట్ట తనే నెత్తికెత్తుకున్నాడు.