మంచుదేశంలో గంజి పోసిన ఆవిడ

"రెండు ముక్కలు మాట్లాడతాను" అని లేచి, టీ రెండుసార్లు వేడి చేయించిన మన బీడీ సొసైటీ ప్రెసిడెంటు, ఈ సభాధ్యక్షులు దామోదరన్ గారికి, ముందు వరసలో చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని నేనేం అంటానో అని కనిపెట్టుకుని కూర్చున్న మా మాధవి అమ్మకు, గ్రంథాలయం నుంచి వచ్చిన పెద్దలకు, ఒళ్లో బీడీలు చుట్టే చాట లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్న నా తోటి కార్మికులకు, ఈ ఉక్కలో శాలువా తియ్యడానికి మొహమాటపడి చెమటలు కక్కుతున్న మా పవిత్రన్ అన్నకు, అదే మా పవిత్రేట్టన్‌కు, నా నమస్కారాలు. (నవ్వులు.) తీసెయ్యండి పవిత్రేట్టా, ఫోటో అయిపోయింది. ఎవరూ ఏమీ అనుకోరు.

నేను కౌసల్యను. ఈ షెడ్డులో కౌసు అంటారు, నేను లేనప్పుడు ఇంకేవేవో అంటారు. పవిత్రేట్టన్‌ను పొగడమని నాకు చెప్పారు. పొగడ్త నాకు చేతకాదని దామోదరన్ గారికి తెలిసీ చెప్పారు కాబట్టి, తర్వాత జరిగేదానికి పూచీ ఆయనదే.

ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు వెనక నిలబడి ఉన్నారు. మొన్న అందులో ఒకమ్మాయి నన్నడిగింది, "ఆంటీ, ఈయన ఒక్క బీడీ కూడా చుట్టరు కదా, కూలి ఎలా వస్తుంది?" అని. అమ్మా, మన కన్నూరు షెడ్లలో ఇది మా ముందు తరం నుంచి వస్తున్న పద్ధతి. మేం తలలు వంచుకుని ఆకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కడుతుంటే ఎదురుగా ఎత్తుబల్ల మీద ఒక మనిషి కూర్చుని చదువుతాడు. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. ఆయన చుట్టవలసిన బీడీలు మేం తలా ఇన్ని చుట్టి ఆయన లెక్కలో వేస్తాం. మా చేతులు ఆయనవి, ఆయన నోరు మాది. నా నోరు మాత్రం నాదే, అది వేరే సంగతి. (నవ్వులు.)

ఇక నవల ఏదనేది మేం చేతులెత్తి తేలుస్తాం. ఇక్కడే ఉంది తమాషా. దామోదరన్ గారు ప్రతిసారీ హాస్య నవల పెట్టమంటారు. ఆయన చెయ్యి ఒక్కటే లేస్తుంది, అదీ సగం. మిగతా షెడ్డంతా తల్లి లేని పిల్లల కథ కావాలంటుంది. ఇటుకబట్టీలో పనిచేసిన కుర్రాడు, అనాథాశ్రమంలో గుండు గీయించుకున్న పిల్ల, సవతితండ్రి ఓడకెక్కించిన బుడ్డోడు, అందరూ మా షెడ్డుకొచ్చారు, అందరి కోసం మేం ఏడ్చాం. "మీకేం పోయేకాలం, డబ్బిచ్చి ఏడుస్తారా?" అని మా ఆయన అడిగేవాడు. సమాధానం అప్పట్లో నాకు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఇక్కడున్న పెద్దవాళ్లలో సగానికి సగం మంది షావుకార్ల కొట్లలో దారం కట్టే పిల్లలుగా మొదలుపెట్టినవాళ్లం. అప్పుడు ఏడిస్తే దెబ్బలు పడేవి. ఆ ఏడుపు మిగిలిపోయింది. దాన్ని పుస్తకాల్లో పిల్లల పేరు చెప్పి తీరికగా ఏడ్చుకున్నాం. పొగాకు తడిసిపోతోందని సూపర్‌వైజరు మొత్తుకునేవాడు, అదొక్కటే నష్టం.

పవిత్రేట్టన్ చదివితే ఎలా ఉంటుందో విననివాళ్లకు చెప్పలేను. తలుపు చప్పుడు చదివితే మేం గుమ్మం వైపు చూసేవాళ్లం. కాకపోతే ఆయన చదివే ప్రతి నవలలోనూ ఒకటి ఉండేది. పిల్లవాడికి ఇక దిక్కు లేదు, ఇక చచ్చిపోతాడు అనుకునే వేళకు, ఎక్కడి నుంచో ఒకావిడ వచ్చేది. లావుపాటి మనిషి. చేతిలో గిన్నె. గిన్నెలో పొగలు కక్కే గంజి, పక్కన పెసర కూర, అంచున కాస్త కొబ్బరి పచ్చడి. "తిను బిడ్డా" అనేది. ఇటుకబట్టీలో వచ్చింది. అనాథాశ్రమంలో వచ్చింది. నడిసముద్రంలో ఓడ మీదికి కూడా వచ్చింది! (పెద్ద నవ్వులు.) నవ్వకండి, ఆ రోజు మీరంతా కళ్లు తుడుచుకున్నారు, ఎలా వచ్చావమ్మా అని ఒక్కరైనా అడిగారా? దామోదరన్ గారే కదా, "ఎక్కడైనా మంచివాళ్లుంటారు" అని గొంతు సవరించుకున్నది.

తర్వాత మంచుదేశం నవల వచ్చింది. యాషా అని ఎనిమిదేళ్ల పిల్లాడు. మా నోళ్లలో వాడు యాశు అయిపోయాడు. తల్లి పోయింది, యజమాని కొట్టి నడిమంచులో బయట నిలబెట్టాడు. వాడు వీధిలో ఒక్కొక్క తలుపూ కొడుతున్నాడు. మా షెడ్డులో ముక్కులు ఎగబీల్చే చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు చివరి ఇంటి తలుపు తెరుచుకుంది. ఎవరో మీకు తెలుసు. గంజి, పెసర కూర, కొబ్బరి పచ్చడి.

మా అమ్మాయి శ్రీజ అప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ నవలే దానికి పాఠ్యపుస్తకం. దానికి పుస్తకం తెరిచే తీరిక లేదు, నాకేమో చెప్పే సరదా. వంటింట్లో చేపలు తోముతూ కథంతా చెప్పాను. అది పరీక్షలో రాసేసింది. "దయగల పొరుగింటి స్త్రీ పాత్ర ప్రాముఖ్యం" అని రెండున్నర పేజీలు! ఆవిడ గంజి గిన్నె శ్రామికవర్గ ప్రేమకు గుర్తు అని కూడా రాసింది. లెక్చరర్ గారు దాన్ని నిలబెట్టి, "అమ్మా, గడ్డం దాకా మంచు పడే ఊళ్లో కొబ్బరికాయ ఎక్కడ దొరికింది?" అని అడిగారట.

ఇంటికొచ్చి అది నన్ను పట్టుకుని ఆడించిన ఆట నేను మరిచిపోను. "అమ్మా, ఆ పుస్తకంలో అలాంటావిడే లేదు! క్లాసంతా నన్ను గంజి శ్రీజ అంటున్నారు!"

"లేకపోవడమేంటే? నా చెవులతో విన్నాను."

"ఇదిగో, చూపించు మరి!"

చూశాను. యాశు తలుపులు కొడతాడు. అన్నీ మూసే ఉంటాయి. చివరి తలుపు కూడా.

నాకు కోపం నెత్తికెక్కింది. మర్నాడు పొద్దున్నే చాట కింద పెట్టి నిలబడ్డాను. "పవిత్రేట్టా, ఆ గంజి పోసే ఆవిడ ఎవరు?" అన్నాను. ఆయన పేపరు మడిచారు. మనవాళ్లు ఊరుకుంటారా? మధ్యాహ్నానికల్లా సర్వసభ్య సమావేశం. అభియోగం ఏమని? రచయిత అనుమతి లేకుండా దేశదేశాల్లో గంజి పంచినట్టు! (నవ్వులు.) ఒకరు ఆయన్ని బల్ల దించెయ్యాలన్నారు. మాధవి అమ్మ మాత్రం లేచి, "గంజి పొయ్యకపోతే ఆ పిల్లాడు చచ్చేవాడు కదే! రాసినవాడికి బుద్ధి లేదు, చదివినవాడికి ఉంది, తప్పేంటి?" అంది.

(ముందు వరస నుంచి మాధవి అమ్మ: "ఇప్పుడూ అదే అంటాను!" చప్పట్లు.)

వినపడదు వినపడదంటుంది, ఇది మాత్రం వినపడింది.

సరే, పవిత్రేట్టన్‌ను సంజాయిషీ అడిగారు. అంత గొంతున్న మనిషి ఆ రోజు గొణిగారు. "నేను షావుకారు కొట్లో దారం కట్టేవాణ్ణి. కట్టలు వదులైనాయని వానలో బయట నిలబెట్టాడు. తిండి లేదు. వీధిలో వాళ్లు చూస్తూ వెళ్లారు. ఎవరూ రాలేదు. అలాంటి పేజీ వస్తే నా నోరు తిరగదు. నన్ను మళ్లీ బీడీలు చుట్టుకోనివ్వండి, చదవడానికి ఇంకెవరినైనా పెట్టుకోండి." ఇంతే. ఇంత చెప్పి కూర్చున్నారు.

గొడవ మొదలెట్టింది నేను కాబట్టి అందరూ నా వైపు చూశారు. నిజం చెబుతున్నాను. ఇన్ని దేశాల పిల్లలకు అన్నం పెట్టిన మనిషిని నువ్వు తిన్నావా అని మాలో ఒక్కరమూ అడగలేదే అనిపించింది. కానీ అలా అని ఊరుకుంటే నేను కౌసును ఎందుకవుతాను? లేచి అన్నాను, "పవిత్రేట్టా, బల్ల దిగడానికి వీల్లేదు. రేపు ఆ పేజీ మళ్లీ చదవాలి. ఉన్నది ఉన్నట్టు. వానలో నిలబడ్డది మీరొక్కరే కాదు, ఇక్కడ చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో చూడండి." ఎత్తమని నేననలేదు. అయినా లేచాయి. దామోదరన్ గారిది కూడా, ఈసారి పూర్తిగా.

మర్నాడు ఆయన చదివారు. మొదటి తలుపు మూసే ఉంది. రెండోదీ మూసే ఉంది. చివరి తలుపు దగ్గర చాలాసేపు ఆగారు. కత్తెర్ల చప్పుడు కూడా లేదు. నాకు లోపల్లోపల, పోనీలే పవిత్రేట్టా, ఈ ఒక్కసారికి ఆవిణ్ణి పిలవండి అని అరవాలనిపించింది. ఆయన పిలవలేదు. "ఎవరూ తలుపు తియ్యలేదు" అని చదివారు.

పేజీ తిప్పారు. ఆ పేజీ ఆయన అంతకుముందు చూడనే లేదట, గంజి పోసి అధ్యాయం ముగించేసేవారు కదా! అందులో తెల్లవారింది. మంచు దులుపుకుని యాశు లేచాడు. ఎవరూ లేపలేదు. తనంతట తనే లేచి, ఏ తలుపు వైపూ చూడకుండా రోడ్డెక్కాడు. పవిత్రేట్టన్ ఆ వాక్యం చదివి, నమ్మకం లేనట్టు మళ్లీ చదివారు. "లేచాడు" అని మా వైపు చూశారు. చిన్నపిల్లాడిలా ఉంది ముఖం. మా గంజి దయవల్ల ఇన్ని పుస్తకాల్లో ఎంతమంది పిల్లలు ఇలా లేచారో మాకెవరికీ తెలియకుండా పోయింది.

అప్పుడు మాధవి అమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుని, గొణుక్కుంటూ, తన స్టీలు క్యారియరు తీసుకుని బల్ల దగ్గరకెళ్లింది. మూత తీసింది. గంజి. పెసర కూర. "ఒరేయ్ పవిత్రా, ఆ షావుకారు కొట్టు పక్క సందులోనే మా ఇల్లు. నాకు తెలియలేదురా. తిను" అంది.



కొబ్బరి పచ్చడి లేదు ఆ రోజు. అది కూడా చెప్పాలి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నేనే కదా రూలు పెట్టింది. (నవ్వులు.) శ్రీజ సంగతి అడుగుతారేమో, మళ్లీ రాసి పాసైంది. ఈసారి పుస్తకం చదివి.

ఆ తర్వాత పవిత్రేట్టన్ ఒక్క మాట కూడా కలపలేదు. మూసిన తలుపులన్నీ మూసినట్టే చదివారు. కాకపోతే అలాంటి పేజీ చదివిన రోజు మధ్యాహ్నం ఆయన బల్ల మీద ఏదో ఒక క్యారియరు మూత తెరిచి ఉండేది. ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఇవాళ ఆయన రిటైరవుతున్నారు. ఇక్కడినుంచి వెళ్లేది ఒంటరి ఇంటికి. ఆయన మీకు చెప్పరు, ముందే సర్దుకున్నట్టు నవ్వుతారు, కానీ నిన్న బల్ల తుడుస్తూ, "రేపట్నుంచి మధ్యాహ్నాలు ఏం చెయ్యాలి కౌసూ?" అని అడిగారు. నేనప్పుడు నోరు మెదపలేదు. నా జీవితంలో అదొక రికార్డు. సమాధానం సభలో చెబుదామని దాచుకున్నాను.

చదవడానికి రేపట్నుంచి నన్ను పెట్టారు. చేతులెత్తే పెట్టారు, కాబట్టి ఏడిస్తే మీ ఖర్మ. పవిత్రేట్టా, ఇన్నేళ్లూ మీరు మాకు చదివారు. మీకు ఎవరైనా ఎప్పుడైనా చదివి వినిపించారా? చిన్నప్పుడు? లేదు కదూ. అందుకని మాధవి అమ్మ పక్కన మీకు చాప వేశాం. రిటైరైనవాళ్లు షెడ్డులో కూర్చోవచ్చా అని దామోదరన్ గారు ఇప్పుడు రూల్సు వెతకబోతున్నారు, వెతకొద్దు ప్రెసిడెంటు గారూ, నేను వెతికాను, కూర్చోకూడదని ఎక్కడా లేదు. మీరు చదవడానికి మీ వంతు మేం చుట్టాం. ఇక మీరు వినడానికి కూడా మీ వంతు మేమే చుడతాం.

(చప్పట్లు. పవిత్రన్ శాలువాతో కళ్లు తుడుచుకుంటారు.)

అందుకా తియ్యనన్నారు! సరే, ఉంచుకోండి.

ఇక ఒక్క హెచ్చరికతో ముగిస్తాను. రేపు మొదలుపెట్టే నవల చూశాను. మూడో పేజీలోనే ఒక ఆడపిల్ల ఆకలితో గుమ్మంలో కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు చదువుతానని మాటిచ్చాను. కానీ మీకంటే నాది మెత్తని గుండె, మీరెవరూ నమ్మకపోయినా. ఒకవేళ ఆ పేజీలో ఎవరో లావుపాటావిడ గిన్నెతో కనబడితే, దయచేసి సర్వసభ్య సమావేశం పెట్టకండి. ఒక్క పవిత్రేట్టన్ చెయ్యెత్తి ఆపమంటే ఆపుతాను.

ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. టీ మళ్లీ చల్లారింది, ఆ పాపం ఈసారి నాది. పవిత్రేట్టా, మీకు మాత్రం నేను సెలవు చెప్పడం లేదు. రేపు మధ్యాహ్నం ఆకలితో రండి. మిగతావాళ్లకు, సెలవు.