పెంకు ఒకదానిది, ఒళ్ళు ఒకదానిది

మ్యూజియంలో పురుగుల గది. రిటైరైనా రోజూ వచ్చి కూర్చునే మాస్టారి ఎదుట ఒకప్పటి శిష్యురాలు నిలబడి ఉంది. ఇప్పుడామె బడిలో పంతులమ్మ. ఇద్దరి మధ్యా బల్ల మీద అరచేయంత రాయి, అందులో ఎప్పుడో రాయైపోయిన పురుగు.

“ఈ డొంకతిరుగుడు దేనికమ్మాయ్? ముందు కూర్చో.”

“కూర్చుంటే చెప్పలేను మాస్టారూ. ఈ రాయిని రేపు స్కానింగ్‌కి పంపుతున్నారట కదా?”

“పంపనీ. కుర్రకారు సరదా. ఇరవై ఆరేళ్ళుగా పుస్తకాల్లో ఉన్న పురుగులో కొత్తగా ఏం కనిపెడతారు?”

“కనిపెడతారు. అందుకే వాళ్ళకంటే ముందు నా నోటితో మీరు వినాలి.”

“టీ తాగుతావా?”

“వద్దండీ. పెంకుపురుగులూ, అల్లిక రెక్కల పురుగులూ ఒక తల్లి బిడ్డలేనని మీరు చూపించింది ఈ రాయితోనే. పైన పెంకుపురుగు పెంకు, కింద దాని దాయాది ఒళ్ళు. రెండు వంశాలూ వేరుపడకముందటి పురుగు ఇదేనన్నారు.”

“నాకే పాఠమా?”

“అది ఒక పురుగు కాదు మాస్టారూ. రెండు.”

“నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో చూడు కాస్త.”

“నెత్తి మీదే ఉంది. వినండి. మీ దగ్గర పరిశోధన చేస్తున్నప్పుడు అతికించమని మీరిచ్చిన పెట్టెలో రెండు ముక్కలున్నాయి. ఒకే రాయి విరిగిందనుకున్నాను. కలిపితే మధ్యలో గోరంత సందు వచ్చింది. రాతిపొడి జిగురులో కలిపి పూడ్చేశాను.”

“సందు రాదూ మరి? రాయి విరిగితే అంచు రాలుతుంది.”

“నేనూ అలాగే సరిపెట్టుకున్నాను. మీ వ్యాసం అచ్చయ్యాక తవ్వకాల పుస్తకం తిరగేశాను. పెంకున్న ముక్క పై పొరలోది. ఒళ్ళున్నది దానికి లక్షల ఏళ్ళ ముందరి పొరలోది. మీ చేతిరాతే.”

“మరి అప్పుడే చెప్పలేదేం?”

“ఆ వారమే మీకు సన్మానం. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను.”

“అందుకా... అందుకా నువ్వు పరిశోధన మానేసింది?”

“ఏ మొహం పెట్టుకుని ఉండను? బడిలో పురుగుల పాఠం వచ్చినప్పుడల్లా ఆ పేజీ తిప్పేస్తాను. అదెందుకు వదిలేశారు టీచర్ అని ఒక పిల్ల అడిగితే, పరీక్షలో రాదులే అన్నాను.”

“ఇంట్లో తెలుసా?”

“మా ఆయనకి కూడా చెప్పలేదు. ఒంట్లో బాగోక మానేశానన్నాను.”

“ఇంత చిన్నదానికి...”

“చిన్నదా? మీరు గీసిన వంశవృక్షమంతా నా జిగురు మీద నిలబడింది. రేపు మిమ్మల్ని దొంగంటారు. అందుకే ఉత్తరం రాసుకొచ్చాను. తప్పంతా నాదేనని, మాస్టారికేం తెలియదని. సంతకం పెట్టాను. మీరు పైవాళ్ళకి అందిస్తే చాలు.”

“ఇటివ్వు.”

“చించకండి మాస్టారూ.”

“చించనులే. కానీ ‘మాస్టారికేం తెలియదు’ అని రాశావు చూడు, ఆ ముక్క నేను ఎవరికీ అందించలేను.”

“ఎందుకండీ?”

“పొరల లెక్క రాసుకున్నది నేనే కదమ్మా. వాటిని అతికించడానికి నాకు చెయ్యి రాలేదు. అందుకే రెండు ముక్కల్నీ ఒకే పెట్టెలో పెట్టి నీకిచ్చాను.”