నలభై పాయింట్ల వీరుడు

పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, శ్రావణమాసం, ఆదోని. పహిల్వాన్ చోటే సాబ్ వీపుకు భార్య హమీదాబీ నూనె రుద్దుతోంది. బెంగుళూరులో చదివే మేనల్లుడు అమానుల్లా చాప మీద పాచికలు, కాగితాలు పరుచుకుని, కాగితం మీద రాసుకున్న వీరునితో పాచికల లెక్కన యుద్ధాలు చేయించే కాలేజీ ఆట చూపిస్తున్నాడు. అది చూస్తుంటేనే చోటే సాబ్‌కు ఒళ్లు మండుతోంది.

"కత్తితో పొడిసినాక గూడా నిలబడే ఉండాడా నీ వీరుడు?"

"ఉండాడు మామూ. వానికి నలభై పాయింట్లు. ఆ దెబ్బకు ఎనిమిది పోయినాయి, అంతే."

"అంతే! మళ్లా గొడ్డలి దెబ్బ?"

"ఇంకో పది పోయినాయి."

"పేగులు బయటికొచ్చినా కొట్లాడతాండాడు! థూ! వాడు మనిషా, రబ్బరు బొమ్మనా? కాలేజీకి పంపిస్తే ఇదేనా నువ్వు నేర్సుకోనొచ్చింది?"

"పేగులు యాడొచ్చినాయి మామూ? పాయింట్లంటే నెత్తురు కాదు. కత్తి వాన్ని తగల్లేదు, వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. తప్పించుకున్నప్పుడల్లా కొంచెం దమ్ము పోతాది, కొంచెం..."

"కొంచెం?"

"అదృష్టం పోతాది. అంతా అయిపోయినాకనే కత్తి నిజంగా దిగేది."

"అదృష్టమంట! ఇంటివా హమీదా? ఒంటికి మట్టి అంటనోళ్ల మాటలివి! రేయ్, నాకు యాభై దాటినాయి. పోయినేడు నందవరమోన్ని ఎత్తేసినా. ఆ ముందేడు ఎమ్మిగనూరు ఉచ్చీరప్పను ఎత్తేసినా. నాకెన్ని పాయింట్లు పోయినాయో సెప్పు, సూస్తా!"

"నాకేం తెలుసు మామూ..."

"తెలీదు కదా? మూస్కో!"

"రేపు ఆ గూడూరోనితో కుస్తీ మాత్రం వద్దులే మామూ. పోయిన నెల ఎవరిదో మెడ ఇరిసినాడంట."

"ఎవరు సెప్పినారు, నీ పాచికలా? పాలు తాగే పిల్లోడు వాడు! ఉరుకుంద జాతరలో అందరి ముందర పచ్చడి సేస్తా. హమీదా, చెయ్యి ఆపినావేంది?"

"నూనె అయిపాయె."

"గిన్నె నిండా ఉందే!"

"రేపు పోవద్దయ్యా."

"నువ్వూ మొదలుపెట్టినావా? వాని వీరుని కథ ఇని జడుసుకున్నావా?"

"వద్దంటాండా కదా."

"ఎందుకంట? సెప్పు."

"ఉచ్చీరప్ప ఎట్ల పడినాడు?"

"ఎట్లేంది? నా పట్టుకు పడినాడు!"

"ముందురోజు వాళ్లింటికి పోయి వాళ్లమ్మ కాళ్లు పట్టుకుంటి. నందవరమోనింటికీ పోతి. ఈయప్ప మర్యాద నిలబెట్టండప్పా, ఓడిపోతే బతకడు అంటి. వాళ్లు మంచోళ్లు. పడినారు."

"మామీ, ఊరుకో..."

"నువ్వుండు అమానూ. అబద్ధం! ఇదంతా నన్ను ఆపడానికి అబద్ధం, కదా హమీదా?"

"నిన్న అమ్మగారింటికని సెప్పి గూడూరుకు పోతి."

"పోయి?"

"వాడు ఒప్పుకోలేదయ్యా."