గాలికి మోరీ బిల్లు

ఉప్పుగూడ గల్లీలో నల్లా వదిలే వేళకే నీళ్ల మీటరు చూడటానికి వచ్చినతన్ని సూర్యప్రభ కదలనివ్వలేదు. అతని ముందే నల్లా తిప్పి, దాని మూతికి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసింది.

“కవరెందుకమ్మా?”

“జర ఆగు భాయ్. నీళ్ల కంటే ముందు ఏమొస్తదో నీ కండ్లతోని చూడు.”

నల్లా బుస్సుమంది. కవరు ఉబ్బిపోయింది. లోపల చుక్క తడి లేదు.

“మీటరు తిరుగుతుందా, లేదా?”

“తిరుగుతుందమ్మా.”

“ట్యాంకరు కాడ బిందెలు పట్టుకొని లొల్లి పెట్టుకునేది మేము. మస్తు నీళ్లు వాడినమని రాసేది మీరు! గాలికి నీళ్ల బిల్లు, దాని మీద మళ్లా మురుగు నీళ్లు పోయెతందుకని మోరీ బిల్లు! గాలి ఏ మోరీల పారుతది?”

“నేనేం జెయ్యాలమ్మా? మీటరు ఫొటో తీసుడే నా పని. జర జరుగుండ్రి.”

“కవరు గుడ పడాలె ఫొటోల.”

“కవరు పడితే మా సార్లు ఒప్పుకోరమ్మా.”

సూర్యప్రభ కవరు ఊడదీసి, గాలి పోకుండా మూతి ముడేసి అతని చేతిలో పెట్టింది.

“మీ సారుకియ్యి. మేం వాడిన నీళ్లు గివే. తాగుమను.”