రెండు కొడితే ఆపమని

అధ్యక్షత వహించి, పొద్దుటి నుంచీ గొంతు సవరించుకుంటూనే ఉన్న మా షెడ్డు యజమాని గారికి, ముఖ్య అతిథిగా వచ్చిన పళ్ల డాక్టరమ్మ గారికి, ముందు వరుసలో కూర్చుని నన్ను గుడ్లురిమి చూస్తున్న మా అక్కకి, పక్కనే ఉన్న మా ఆవిడకి, చేతులు కడుక్కుని వచ్చినవాళ్లకి, కడుక్కోకుండా వచ్చినవాళ్లకి, అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇది నా రిటైర్మెంటు సభ అన్నారు గానీ, నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఎవరో మహానుభావుణ్ణి పొగిడారు. ఆయనెవరా అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. వెనక గోడే ఉంది. అంటే నన్నేనన్నమాట! అప్పటి నుంచీ అయోమయంగానే ఉంది. చేతిలో ఈ పెట్టె పెట్టారు. ఊపి చూస్తే లోపల ఏదో గలగలమంటోంది. ఎక్కడో లూజు కనెక్షనుంది, విప్పితే గానీ చెప్పలేను. (నవ్వులు)

ఏం మాట్లాడాలో తోచక నీళ్లు నములుతున్నాను కాబట్టి, నీళ్ల గురించే మాట్లాడతాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. వానలో తడిసి పిచ్చెక్కిన కార్లకి పిచ్చి కుదర్చడం. మా షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. కారులోకి నీళ్లొస్తే అది రేకు పనివాడి సొమ్ము, అంటే మా బావగారిది. కరెంటు పోతే అది నా సొమ్ము. మరి నీళ్లు వెళ్లి కరెంటు మీద పడితే ఎవరిదండీ? ఈ ఒక్క ప్రశ్న మీద మా అక్క మొగుడూ నేనూ ఇన్నేళ్లూ కాపురం చేశాం. (నవ్వులు) నవ్వకండి, మా అక్కకి కోపం వస్తోంది.

డాక్టరమ్మ గారి కారు సంగతి మీలో చాలామందికి తెలుసు. ఎండలో బంగారం లాంటి బండి. వాన పడిందా, ఆవిడ బ్రేకు తొక్కితే హారను మోగేది. ఎడమవైపు లైటు వేస్తే అద్దం దానంతటదే కిందికి దిగేది. ముందు వెళ్లేవాళ్లంతా ఆగి ఆవిణ్ణి తిట్టేవాళ్లు. నేను ఫ్యూజు డబ్బా విప్పితే లోపల రాగి ముక్కలన్నిటికీ పచ్చగా చిలుము. గీకాను, ఆరబెట్టాను, డబ్బానే మార్చేశాను. మళ్లీ వాన, మళ్లీ హారను. "నీళ్లు ముందద్దం పక్కనుంచి వస్తున్నాయి, నువ్వు పూసిన బంక సరిగ్గా లేదు" అన్నాను నేను. "నా బంక జోలికొస్తే బాగుండదు, నీ వైర్లు చూసుకో" అన్నాడు బావ. అన్నాడు గానీ, అద్దం ఊడదీసి మళ్లీ అతికించాడు. మళ్లీ వాన, మళ్లీ హారను.

చివరికి నీళ్ల పరీక్ష పెట్టాం. కొత్తవాళ్లు వినండి, ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. లైటు పట్టుకుని ఒకడు కారులో నక్కి కూర్చోవాలి. పైపు పట్టుకుని ఒకడు బయట ఉండాలి. కింద నుంచి పైకి, జానెడు జానెడు చొప్పున తడుపుకుంటూ రావాలి. ముందే పైనుంచి గుమ్మరిస్తే అన్నీ తడుస్తాయి, ఏదీ తేలదు. తలుపులన్నీ బిగించి ఉంటాయి కాబట్టి మాట వినపడదు. లోపలివాడు అద్దం మీద ఒకటి కొడితే పోయమని, రెండు కొడితే ఆపమని. అప్పుడు బయటివాడు తలుపు తీసి "దొరికిందా?" అని అడగాలి.

ఆ రోజు లోపల నేను, పైపుతో బయట బావ. చక్రాల దగ్గర మొదలుపెట్టి, తలుపులు దాటి, తను బంక పూసిన అద్దం దాటి, పైకప్పు దాకా పోశాడు. లోపల పొడిగానే ఉంది. పైకప్పులో ఉండే కిటికీ, అదే సన్‌రూఫ్, దాని మూల పోసేసరికి నా మోకాలి మీద చుక్క పడింది. అక్కడ నీళ్లు పోయే చిన్న కన్నం ఉంటుంది. దానికి ఒక ఎండుటాకు అడ్డం పడింది. దారి లేని నీళ్లు లోపల వైర్ల కట్ట పట్టుకుని, ముందద్దం పక్కనుండే స్తంభం వెంట జారి, తిన్నగా ఫ్యూజు డబ్బాలోకి దిగాయి. నీరు పల్లమెరుగును అంటారు. కారులో నీరు వైరు కూడా ఎరుగును. తడి కనపడ్డ చోటు వేరు, నీళ్లు దూరిన చోటు వేరు.

తప్పు నాదీ కాదు, బావదీ కాదు. తిలా పాపం తలా పిడికెడు అనడానికి కూడా లేదు, పాపమంతా ఆకుదే. (నవ్వులు) కారు బాగుపడింది. కానీ ఆ రోజు నుంచీ బావ నాతో మాట్లాడటం మానేశాడు.



డాక్టరమ్మా, మీ బండి వల్ల కాదు, కంగారు పడకండి. కాదనే అనుకుంటున్నాను. ఎందుకో నాకే తెలీదు. బంక గురించి అన్న మాటా? అంతకంటే పెద్ద మాటలు అనుకున్నాం, సాయంత్రానికి కలిసి టీ తాగాం. అక్కని అడిగాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఆవిడే "ఏమోరా, ఆయన్నడిగితే గుర్తులేదంటున్నాడు" అంది. గుర్తులేనిదానికి ఇన్నాళ్ల మౌనమా? కింద నుంచి పైకి జానెడు జానెడు వెతుక్కుంటూ వచ్చాను. ఎక్కడా చుక్క కనపడలేదు.

అయినా పని ఆగలేదు. ఎడమొహం పెడమొహంగానే నేను లోపల, ఆయన బయట. ఒకటి కొడితే పోసేవాడు, రెండు కొడితే ఆపేవాడు. తలుపు తీసి ఊరికే నిలబడేవాడు. "దొరికిందా" అని మాత్రం అడిగేవాడు కాదు. నేను అద్దం కొట్టినప్పుడల్లా, ఇదే మా మాట అనుకునేవాణ్ణి. రేపటి నుంచి నాకు పని లేదు. మా మధ్య అద్దం కూడా ఉండదు. నాకు భయంగా ఉందండీ. విశ్రాంతి తీసుకో, హాయిగా ఉండు అని అందరూ అంటున్నారు. ఎలా ఉండాలో నాకు తెలియట్లేదు.

బావ ఈ హాలు వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కుర్చీ ఇచ్చినా కూర్చోలేదు. ఇవాళ పైపు నా చేతిలో ఉంది, ఇందాకటి నుంచీ మాటలు పోస్తూనే ఉన్నాను. ఎక్కడ తడుస్తోందో తెలియకుండా పోస్తున్నాను. ఇంకా పోయమంటే పోస్తాను...

(వెనక తలుపు మీద రెండు దెబ్బలు. అందరూ వెనక్కి తిరిగారు.)

ఆపమంటున్నాడు.

దొరికిందా బావా?

(వెనక నుంచి: "లేదురా. నువ్వు దిగు ముందు, ఇద్దరం చూద్దాం.")

దిగుతున్నాను. అధ్యక్షులవారూ, ఇంకా చాలామందికి కృతజ్ఞతలు చెప్పాలి, ఒక్క పేరూ గుర్తు రావట్లేదు. అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను. అక్కా, కళ్లు తుడుచుకో. ఎవరైనా ఈ పెట్టె పట్టుకోండి. సెలవు.