తలుపు మీద నల్లబల్ల

1988 జూన్ పదమూడో తేదీ సోమవారం ఉదయం ఆ ఇంట్లో ఉన్నవారు: వంటింట్లో అక్కగారు, అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న బావగారు, ఉయ్యాలలో గొంతు చించుకుంటున్న వారి పసివాడు, మంచం కింద దూరి రెండో చెప్పు కోసం వెతుకుతున్న ఇరవై మూడేళ్ల యువతి. ఆనాడు మన పాఠశాలలో గణిత ఉపాధ్యాయినిగా చేరి, మొన్న అక్టోబరు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేసిన మన టీచరుగారు ఆ యువతే. ఆవిడ దగ్గర చదువుకున్నవారూ, ఇప్పుడు వారి పిల్లలూ కూడా ఆవిడను ‘తలుపు టీచరు’ అనే పిలుచుకుంటారు. ఈ వార్షికోత్సవ సంచికలో ఆవిడను అభినందిస్తూ రాసే భాగ్యం ఆనాటి పసివాడి కూతురికి దక్కింది గనుక, ఇంటి మాటలు కొన్ని ఇందులో దొర్లితే పెద్దలు మన్నించాలి.

“కొత్త ఉద్యోగానికి ఒంటి చెప్పుతో పోతావుటే?” అన్నారట అక్కగారు.

“పోనీలే. లెక్కల టీచరుకి రెండు దాకా కూడా లెక్క రాదని చెప్పుకుంటారు” అన్నారట బావగారు, సబ్బునురగలోంచి.

మన పాఠశాలకూ చర్చికీ ఉన్నది ఒకే హాలు. ఆదివారం ఆరాధన, మిగతా రోజుల్లో పాఠాలు. ముందు వేదిక, దానిమీద సిలువ; వెనుక గోడకు రెండు కిటికీలు, వాటి మధ్య లోపలికి తెరుచుకునే వెడల్పాటి తలుపు ఒక్కటే. బెంచీలు బోల్టులతో నేలకు బిగించినవి. ముందు బెంచీ కలప వ్యాపారిగారి కుటుంబానిది. తరువాతివి ఉద్యోగస్తులవి, ఆ తరువాతివి చిన్న దుకాణాలవారివి, తలుపు పక్కనున్న చివరి బెంచీ హాలు ఊడ్చే ఆమెది. ఈ వరస ఎవరూ నిర్ణయించినది కాదు, అయినా ఎవరూ తప్పినది కాదు. సోమవారం వచ్చేసరికి పిల్లలు కూడా, ఎవరూ చెప్పకుండానే, ఆదివారం తమ ఇంటివాళ్లు కూర్చున్న చోటే కూర్చునేవారు. నల్లబల్ల వేదికకు ఆనించి ఉండేది.

మొదటి పరీక్ష పేపర్లు దిద్దిన సాయంత్రం టీచరుగారు కలం పక్కన పెట్టి వాటిని మళ్లీ మొదటి నుంచి తిరగేశారు. పేపర్లు బెంచీల వరసలోనే ఉన్నాయి. మార్కులు ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా మెట్లు దిగినట్టు దిగిపోయాయి. మధ్యలో ఒక్క మెట్టు కూడా తప్పలేదు. పక్కనే టీ తాగుతున్న సీనియర్ మాస్టారికి ఆవిడ ఆ పేపర్లు చూపించారు.

“ఇందులో ఆశ్చర్యం ఏముందమ్మా? వెనక బెంచీకి లెక్కలు అబ్బవు. దేవుడు అందరికీ ఒకే బుర్ర ఇవ్వడుగా” అన్నారాయన.

“ఇచ్చేటప్పుడు దేవుడు కూడా బెంచీల వరస చూసుకునే ఇచ్చాడంటారా మాస్టారూ?”

ఆయన గ్లాసు కింద పెట్టి, చుట్టూ చూసి, మళ్లీ గ్లాసు తీసుకున్నారట.

మర్నాడు ఆవిడ పిల్లలను చోట్లు మార్చి కూర్చోబెట్టారు. కలప వ్యాపారిగారి అబ్బాయి చివరి బెంచీ మీద కూర్చోడానికి మొరాయించి, “ఇది మా బెంచీ కాదు టీచర్” అని నిలబడే ఉన్నాడు. హాలు ఊడ్చే ఆమె కూతురు ముందు బెంచీ అంచున, ఎప్పుడు లేవమంటే అప్పుడు లేచిపోయేలా కూర్చుంది. వెనక ఉన్నప్పుడు గబగబా చేసే కూడిక కూడా ఆ రోజు ఆ పిల్ల చేయలేకపోయింది. సాయంత్రం తల్లి చీపురు పట్టుకునే వచ్చింది.

“నా పిల్లని ముందు కూర్చోబెట్టకండమ్మా.”

“ఎందుకు? చక్కగా కనబడుతుంది కదా?”

“దానికి బోర్డు కనబడుద్ది. ఆదివారం నాకు వాళ్ల మొహాలు కనబడతాయి. మీకేమమ్మా, మీరు మధ్య బెంచీవాళ్లు.”

టీచరుగారు ఆ సంఘంలో అడుగుపెట్టి కొద్ది నెలలే అయింది. ఖాళీ కనబడిన చోట కూర్చుంటున్నాననే అనుకున్నారు. తమకూ ఒక బెంచీ ఖాయమైపోయిందనీ, అది అందరికీ తెలుసుననీ, తెలియనిది తమకు మాత్రమేననీ ఆ సాయంత్రం అర్థమైంది.

బెంచీలు కదలవు, వాటిమీది పిల్లలూ కదలరు. ఆ హాలులో కదిలేది ఒక్క నల్లబల్లే. ఆదివారం ఆరాధన అయ్యాక బావగారిని వెంటబెట్టుకుని వెళ్లి, ఆవిడ దాన్ని వేదిక దగ్గర నుంచి మోసుకొచ్చి తలుపు లోపలివైపు మేకులు కొట్టి తగిలించారు. వెనుక అంత వెడల్పు ఉన్నది తలుపుకే. తలుపు తెరిస్తే బల్ల గోడ వైపు తిరిగి కనబడకుండా పోతుంది, మూస్తేనే పాఠం. మిగతా పాఠాలకు బోర్డు అక్కర్లేదు గనుక అవి మునుపటిలాగే వేదిక దగ్గర జరిగేవి, గాలి కోసం తలుపు బార్లా తెరిచే ఉండేది. లెక్కల పాఠానికి మాత్రం తలుపు మూసుకునేది, పిల్లలు వెనక్కి తిరిగి, బెంచీ మీద మోకాళ్లూని, వీపుచెక్కలపై పలకలు పెట్టుకుని రాసేవారు.

సంఘంలో గగ్గోలు పుట్టింది. “సిలువకు వీపు తిప్పి కూర్చోబెడుతుందా!” అని కొందరు బుగ్గలు నొక్కుకున్నారు. “మన పిల్లలు ప్రార్థనకు కూడా ఇంతసేపు మోకాళ్ల మీద ఉండరు, లెక్కలకు ఉంటున్నారు” అని ఇంకొకరు నిట్టూర్చారు. సంగతేమిటో స్వయంగా చూద్దామని అప్పటి పెద్ద పాస్టరుగారు ఒకరోజు బయలుదేరారు. ఆయన గుమ్మంలో కాలు పెట్టబోయే క్షణానికి లోపల పాఠం వేళయింది. చూపంతా పలకల మీదే ఉన్న టీచరుగారు తలుపు లాగి గడియ పెట్టేశారు. బయట చినుకులు మొదలయ్యాయి. ఆయన తట్టలేదు. గొడుగు లేకుండా చూరు కింద నిలబడి పాఠమంతా విన్నారు. గంట కొట్టి తలుపు తెరిచేసరికి, కోటు తడిసి ముద్దయిన పాస్టరుగారు ఎదురుగా ఉన్నారు.

“నా చర్చిలో నన్నే బయట నిలబెట్టావు కదమ్మా!”

“అయ్యో అయ్యగారూ, చూడలేదండీ! బల్ల తలుపు మీద ఉంది. తలుపు మూయకపోతే పాఠం లేదు.”

ఆయన లోపలికి వచ్చి, తలుపు మూయించి, వేదిక మీద తన చోటున నిలబడి బల్ల వైపు చూశారట. అంకెలు ఆనలేదు. చివరి బెంచీ పిల్లల మొహాలూ ఆనలేదు. “ఇక్కడ నుంచే కదా నేను ఇన్నేళ్లూ ప్రసంగాలు చెప్పింది” అని ఒక్క మాట అని, తడికోటుతోనే వెళ్లిపోయారు.

సంవత్సరాంతపు పరీక్షలో మార్కులు తిరగబడ్డాయి. హాలు ఊడ్చే ఆమె కూతురు అందరికంటే పైన నిలిచింది. కలప వ్యాపారిగారి అబ్బాయి తప్పాడు. సంఘ పెద్దల సమావేశానికి టీచరుగారిని పిలిపించారు. ఉద్యోగం ఊడినట్టేనని అక్కగారు ఇంట్లో ఏడుస్తూ కూర్చున్నారు.

“పోయిన పరీక్షలో మావాడు ఫస్టు. ఇంతలో వాడి బుర్ర ఏమైందమ్మా?” అని గర్జించారు వ్యాపారిగారు.

“వాడి బుర్రకేం కాలేదండీ. ఆ పిల్ల బుర్రకీ కొత్తగా ఏమీ రాలేదు. బోర్డు మారిందంతే.”

పాస్టరుగారు గొంతు సవరించుకుని, “దేవుడు వేదిక మీద ఒక్కచోటే ఉంటాడని నేనెప్పుడూ చెప్పలేదు. బోర్డు అక్కడే ఉంటుంది” అని లేచిపోయారు. ఆ మీదట మన పాఠశాలలో లెక్కల బోర్డు తలుపు మీదే ఉంది.

తరువాతి సంవత్సరాల్లో వడ్రంగి బెంచీల వీపుచెక్కలకు కీళ్లు పెట్టి, ఎటు కావాలంటే అటు వాలేలా చేశాడు. పిల్లల మోకాళ్లు బతికిపోయాయి. అప్పటి నుంచి లెక్కల పాఠం ముందు ఆ చెక్కలన్నీ టకటకా తిరగబడే చప్పుడు వీధి దాకా వినబడేది. టీచరుగారు ప్రధాన గణితోపాధ్యాయిని అయ్యారు. ప్రధానోపాధ్యాయిని పదవి రెండుసార్లు వెతుక్కుంటూ వచ్చినా, “ఆ గదికి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంచాలట, నాకు అలవాటు లేదు” అని నవ్వేసి వదులుకున్నారు. ముందు బెంచీ పిల్లలు కూడా సందేహం వస్తే చివరి బెంచీ దాకా నడిచి వెళ్లి అడగడం నేర్చుకున్నారు. అలా నేర్చుకున్న మొదటివాడు ఆ తప్పిన అబ్బాయే. నేడు ఆయనే కలప వ్యాపారిగారు, సంఘ పెద్ద కూడా. హాలు ఊడ్చే ఆమె కూతురు పై చదువులు చదివి, పొరుగు పాఠశాలలో పని చేసి, టీచరుగారి స్థానంలో నియమితురాలై వచ్చింది.

విరమణకు ముందురోజు సాయంత్రం ఆ ఇంట్లో అందరూ టీ తాగుతుండగా వ్యాపారిగారు మొహం వెలిగిపోతూ వచ్చారు.

“టీచర్, మీకోసం ఒక బహుమానం. ముందుగా చెప్పకూడదనుకున్నా, కడుపులో దాగలేదు. వేదిక పక్కన గోడకి, ఈ చివర నుంచి ఆ చివరకి, కొత్త బోర్డు! మీ పేరు చెక్కించా. సిమెంటు పెట్టి బిగించాం, ఇక ఎవడొచ్చినా కదపలేడు.”

టీచరుగారు తాగుతున్న కప్పు సాసరులో పెట్టేశారు. “ముందు గోడకా?” అన్నారు.

“మరి! ఇన్నేళ్లూ పాపం చోటు లేక తలుపు మీద రాశారు. చూస్తుంటే నాకే సిగ్గేసేది. పాతది పీకేయమని వడ్రంగికి చెప్పా, శనివారం వస్తానన్నాడు.”

ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి. కల్మషం లేని నీళ్లు. ఆ మనిషి అన్నీ గుర్తుపెట్టుకున్నాడు: ఒక్కసారి తప్పిన సంగతి, చివరి బెంచీ దాకా నడిచిన సంగతి, అక్కడ కూర్చున్న పిల్ల నేర్పిన లెక్క. నల్లబల్ల ఎందుకు అక్కడికి పోయిందో మాత్రం ఆయనకు ఎన్నడూ తోచలేదు. ఆయన వెళ్లాక అక్కగారు చెల్లెలిని నిలదీశారు.

“నోట్లో నాలుక లేదుటే? వద్దని చెప్పలేకపోయావా?”

“ఏమని చెప్పనక్కా? అంత ప్రేమగా ఇస్తున్నాడు.”

“అప్పుడు వాళ్ల నాన్నకి చెప్పావుగా!”

“ఆయన కోప్పడ్డాడు, చెప్పగలిగాను. ఈ పిల్లాడు కళ్లనీళ్లు పెట్టుకుంటే ఏం చెప్పను?”

మరునాడు సభలో తెర తొలగించి బోర్డు చూపించినప్పుడు హాలంతా చప్పట్లతో మార్మోగింది. టీచరుగారు లేచి, నోరు తెరిచి, ఏమీ అనకుండానే కూర్చున్నారు. ఆనందంతో గొంతు పూడుకుపోయిందని అందరూ అనుకున్నారు. చివరి బెంచీలో తల్లి పక్కన కూర్చున్న కొత్త టీచరు మాత్రం చప్పట్లు కొట్టలేదు, తల ఎత్తలేదు. ఆమెకు ఆ బోర్డు నచ్చిందో లేదో ఎవరికీ తెలియలేదు. ఆదివారం ఆరాధనంతా టీచరుగారి కళ్లు గోడ మీద చెక్కిన తమ పేరు మీదే ఉన్నాయి. వెనక్కి తిరిగి చూసినా లాభం లేదు; తలుపు తెరిచి ఉంది, దాని లోపలివైపు గోడకు ఆని ఉంది, బల్ల ఉందో ఊడిందో తెలిసే దారి లేదు. కొత్త బోర్డు మీద రాసుకునే కొత్త టీచరును పాత టీచరు తప్పుపట్టకూడదని రాత్రి భోజనాల దగ్గర ఆవిడే రెండుసార్లు అన్నారు. అన్నం మాత్రం కెలికి లేచిపోయారు.

ఎందరి చేతనో లెక్కలు చేయించిన మన టీచరుగారు సంపూర్ణ ఆయురారోగ్యాలతో, ఇంట్లో అక్కగారి చీవాట్లు తింటూ, వీధిలో శిష్యుల వందనాలు అందుకుంటూ చిరకాలం చల్లగా ఉండాలని ప్రార్థిస్తూ, సోమవారం ఉదయం జరిగినది కూడా చెప్పి ముగించడం ధర్మం.

ఆవిడ తాళంచెవులు అప్పగించడానికి పాఠశాలకు వెళ్లారు. గుమ్మం ముందుకు వచ్చేసరికి లోపల సాంఘికశాస్త్రం పాఠం ముగిసింది. తలుపు బార్లా తెరిచి ఉంది. దూరంగా, ముందు గోడ మీద, కొత్త బోర్డు తళతళలాడుతోంది. కొత్త టీచరు సుద్దముక్క పట్టుకుని దాని పక్కనే నిలబడి ఉంది. టీచరుగారు గుమ్మం బయటే ఆగిపోయారు. కొత్త టీచరు పిల్లలకేసి ఒకసారి చూసి, బెంచీల మధ్యగా ఇటువైపే నడిచి వచ్చింది. ఆమె వెనకే వీపుచెక్కలు ఒక్కొక్కటిగా టకటకా తిరగబడ్డాయి.

“వందనాలమ్మా” అంది, తలుపు మీద చెయ్యి వేసి. “శనివారం వడ్రంగి వచ్చాడు. మా అమ్మ చీపురుతో తరిమింది.”

“లోపలికి రానా?” అన్నారు టీచరుగారు.

“వేళైపోయిందమ్మా” అని, తనకు నేర్పిన టీచరు మొహం మీదే ఆ అమ్మాయి తలుపు మూసేసింది.