లెక్కకు రాని దూడలు

పశువుల ఫారంలో చివరి గది. పాల దిగుబడి లెక్కలు చూసే ఆమె ఇంకా కంప్యూటరు ముందే కూర్చుని ఉంది. అదే ఫారంలో పశువుల డాక్టరైన భర్త ఇంటికి తీసుకెళ్దామని వచ్చాడు.

“పాలు పెంచే జన్యువు దొరికిందటగా! మరి ఆ మొహం ఏంటి?”

“దొరికింది బావా. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటి వచ్చినా చాలు, ఆ ఆవు బిందెలు నింపేస్తోంది.”

“రెండువైపుల నుంచీ వస్తే ఇంకెన్ని ఇస్తుందో!”

“అలాంటి ఆవు ఒక్కటీ లేదు.”

“సాంపిళ్ళు తక్కువై ఉంటాయి.”

“వేల ఆవుల రక్తం చూశాం. లెక్క ప్రకారం అలాంటివి వందల్లో ఉండాలి. అవి పుట్టట్లేదు బావా, కడుపులోనే పోతున్నాయి.”

“అందుకా చూడి నిలవట్లేదు! మేం మేత మీదకి తోసేశాం. మన మందలో సగానికి మూలమైన ఆ పెద్ద ఆబోతు వంశమేనా?”

“అదే. అటు తాతా, ఇటు తాతా అదే అయినచోట.”

“ఓస్, ఇంతేనా! ఒకే తాత మనవల్ని జతకట్టించకపోతే సరి.”

ఆమె కంప్యూటరు ఆపేసి అతని వైపు తిరిగింది.

“ఏమైందే?”

“మనకీ తాత ఒక్కడే కదా.”

“పశువులకీ మనకీ పోలికేంటి?”

“నాకు రెండుసార్లు కడుపు పోయింది. డాక్టరమ్మ మేనరికమా అనడిగితే కాదన్నావు.”

“అవునంటే మా అమ్మనీ, మీ నాన్ననీ తిట్టిపోస్తుందని…”

“రేపు మళ్ళీ అడుగుతుంది.”

“రేపు ఆవిడ దగ్గరికెందుకు?”

“నెల తప్పింది బావా.”